ఎక్కినందుకు కాదు, దిగినందుకు

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్ళాం. అలిపిరి నుంచి నడిచే ఎక్కాం. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసం వచ్చింది తప్ప పెద్దగా ఇబ్బంది పడలేదు. నిరుడూ ఇలాగే ఎక్కి బస్సులో దిగాం, మర్నాడు పిక్కలు కాస్త పట్టేశాయి, అంతే. ఈసారి మా అబ్బాయి "దిగడమేగా అమ్మా, బస్సెందుకు?" అన్నాడని శ్రీవారి మెట్టు దారిన కబుర్లు చెప్పుకుంటూ దిగేశాం. చివర్లో మోకాళ్ళు కాస్త వణికాయి. ఆ రాత్రి బాగానే ఉన్నాను. రెండో రోజు స్కూల్లో మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, పీతలా దిగాల్సి వచ్చింది. ఎక్కడం మాత్రం ఎక్కగలిగాను! తొడల ముందువైపు, మోకాలికి కాస్త పైన, చెయ్యి వేస్తే ప్రాణం పోయింది. కుడి తొడ మరీనూ. మాతోపాటే నడిచిన 67 ఏళ్ళ మా అత్తగారు మాత్రం మర్నాడు పొద్దున్నే లేచి కళ్ళాపి చల్లి ముగ్గేశారు.

ఇక మీదట ఇలా కాకూడదని మా అమ్మాయి నన్ను జిమ్‌లో చేర్పించింది. మొదటి రోజు చేతికి రెండు కిలోల డంబెల్ ఇచ్చి, పైకి మామూలుగా ఎత్తి, దించేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించమన్నారు. చేస్తున్నప్పుడు తేలిగ్గానే అనిపించింది. మూడో రోజుకి మోచేతులు చాపలేను, పూర్తిగా మడవలేను. బోర్డు మీద రాయలేకపోయాను. జడ మా అమ్మాయి వేసింది, అదీ నవ్వుతూ. ఐదు రోజులు పట్టింది తగ్గడానికి. కొండంత పనికి కాళ్ళు మూడు రోజులు నొప్పెడితే గోరంత పనికి చేతులు ఐదు రోజులెందుకు నొప్పెట్టాయి? ఒళ్ళంతా ఒకటే కదా, ఒక్కోచోట ఒక్కో తీరుగా ఎందుకు? "నొప్పి రాలేదంటే వ్యాయామం పనిచెయ్యనట్టే" అని ట్రైనర్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ముచ్చటేసింది. ఫిజియోథెరపీ పిల్లలకి పాఠం చెప్పడానికి ఇంత చక్కటి ఉదాహరణ నాకెప్పుడూ దొరకలేదు. మీకు తెలియకుండానే మీరు ఒక ప్రయోగం చేసేశారు. నిరుడు ఎక్కడం మాత్రమే, ఈసారి ఎక్కడమూ దిగడమూ. అలిపిరి దారిలో మెట్లు 3550. శ్రీవారి మెట్టు దారిలో 2388. లెక్కల టీచరు కాబట్టి మీరే చూడండి: ఎక్కువ మెట్లు ఎక్కిన నిరుడు తొడలకి ఏమీ కాలేదు. అంతకంటే తక్కువ మెట్లు, అదీ కబుర్లు చెప్పుకుంటూ దిగితే మంచం పట్టినంత పనయింది. అంటే ఈ నొప్పికి, పడిన శ్రమకి లంకె లేదన్నమాట. నొప్పికి కారణం ఎంత పని అన్నది కాదు, ఎలాంటి పని అన్నది.

కండ మూడు రకాలుగా పనిచేస్తుంది. పొట్టిగా ముడుచుకుంటూ బరువు లాగుతుంది. ఉన్న పొడవులోనే బిగిసి బరువు ఆపుతుంది. మూడోది చాలామందికి తట్టదు. సాగుతూ, సాగుతూనే బరువు మోస్తుంది. ఛాతీ ఎత్తున పట్టుకున్న బియ్యం డబ్బాని నేల మీదికి దించడం గుర్తు తెచ్చుకోండి. చేతులు వదిలేస్తే డబ్బా దభీమని పడుతుంది. పడకుండా, మెల్లగా, మోచెయ్యి కొంచెం కొంచెం చాపుతూ దించుతాం. ఆ దించుతున్నంతసేపూ జబ్బ ముందువైపు కండ బిగిసే ఉంటుంది, కానీ దాని పొడవు పెరుగుతూ పోతుంది. దీన్ని వైద్య భాషలో ఎక్సెంట్రిక్ అంటారు. మనం దించే పని అనుకుందాం. వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే ఒళ్ళు నొప్పుల్లో సింహభాగం ఈ దించే పని వల్లే వస్తుంది.

కొండ దిగేటప్పుడు మీరు దించింది మిమ్మల్నే. కింది మెట్టు మీద ఒక కాలు పెట్టేదాకా పై మెట్టు మీద ఉన్న కాలు మోకాలి దగ్గర మెల్లగా మడుచుకుంటూ ఒంటి బరువంతా కిందికి చేరుస్తుంది. ఆ మడత ఒక్కసారిగా పడిపోకుండా పట్టి ఉంచేది తొడ ముందున్న కండ. ఘాట్ రోడ్డులో కిందికి వచ్చే బస్సుని చూడండి, ఇంజనుకి పెద్ద పనుండదు, భారమంతా బ్రేకుల మీదే. మీ తొడలు ఆ రోజు 2388 సార్లు బ్రేకు వేశాయి. దానికంటే ముందు ఎక్కినప్పుడు అవే తొడలు ఇంజనులా పనిచేశాయి, అందుకే అప్పుడు ఆయాసం వచ్చింది కానీ తర్వాత నొప్పి రాలేదు. స్కూల్లో మెట్లు ఎక్కగలిగి దిగలేకపోవడానికీ కారణం ఇదే, దిగాలంటే మళ్ళీ అదే బ్రేకు కావాలి, అదేమో పుండై కూర్చుంది. నిరుడు పిక్కలు పట్టేశాయన్నారు కదా. ఎక్కేటప్పుడు మునివేళ్ళ మీద మెట్టెక్కితే మడమ మెట్టు అంచు బయట ఉండి కాస్త కిందికి జారుతుంది. ఆ జారుడు పిక్కకి దించే పనే. చిన్నది కాబట్టి చిన్న నొప్పితో పోయింది.

కుడి తొడ మరీ ఎందుకు నొప్పెట్టిందో చెప్పమంటారా? మీరు దాదాపు ప్రతి మెట్టుకీ ఎడమ కాలే ముందు కిందికి పెట్టి ఉంటారు. వెడల్పు మెట్ల మీద ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ చేర్చి దిగేవాళ్ళలో ఇది మామూలే, ప్రతిసారీ ఒకే కాలు ముందు పడుతుంది. ఎడమ కాలు ముందు దిగితే ఒంటిని దించేది వెనక మిగిలిన కుడి తొడ. ఇది నా ఊహ మాత్రమే కాదు. 1983లో బ్రిటన్‌లో సరిగ్గా ఇదే పని చేయించి చూశారు. ఒక ఎత్తు పీట మీదికి ఎప్పుడూ ఒకే కాలుతో ఎక్కడం, రెండో కాలితో బరువు ఆపుతూ దిగడం, కాసేపు ఆపకుండా. ఎక్కిన కాలికి నొప్పి రాలేదు. తర్వాత రోజుల్లో నొప్పంతా దించిన తొడకే వచ్చింది. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే తిండి, ఒకే నిద్ర. ఒక తొడ బాగానే ఉంది, రెండో తొడ ముట్టుకోనివ్వదు. నమ్మకం లేకపోతే ఇంట్లో గట్టి పీట ఉంటే చేసి చూడవచ్చు, కానీ ఇప్పుడు కాదు, ఇప్పటికే చాలా ప్రయోగాలు చేశారు.

కబుర్లు చెప్పుకుంటూ దిగారని రాశారు, ఆ ఒక్క మాటలో మోసమంతా ఉంది. దించే పనికి ప్రాణవాయువు చాలా తక్కువ ఖర్చవుతుంది. లండన్‌లో 1952 ప్రాంతంలో ఆబట్, బిగ్లాండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు సైకిళ్ళని వెనక్కి వెనక్కి ఆనించి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కుతారు, రెండోవారు ఆ పెడళ్ళు తిరగకుండా కాళ్ళతో ఆపుతూ వెనక్కి లొంగుతుంటారు. రెండు పక్కలా బలం సమానమే. కానీ తొక్కేవాళ్ళు రొప్పుతుంటే ఆపేవాళ్ళు నింపాదిగా ఉన్నారు. ఒక చిన్నపాటి అమ్మాయి ఆపుతూ కూర్చుని దృఢంగా ఉన్న మగవాడిని అలసిపోయేలా చెయ్యగలిగిందట, చూసినవాళ్ళకి భలే వినోదం. కండ సాగుతూ ఉన్నప్పుడు ఒక్కో పోగు ఎక్కువ బరువు మొయ్యగలదు, అందువల్ల ఒళ్ళు తక్కువ పోగుల్నే పనిలోకి దించుతుంది. ఖర్చు తక్కువ, కానీ పనిలో ఉన్న ఒక్కో పోగు మీద పడే లాగుడు ఎక్కువ. నలుగురు మొయ్యాల్సిన మంచాన్ని ఇద్దరి మీద పెట్టినట్టు. ఆయాసం రాదు కాబట్టి మనం ఆగం. ఇంకో వంద మెట్లు, ఇంకో వంద మెట్లు అంటూ పోతాం. ఎక్కేటప్పుడు ఆయాసమే మనల్ని కూర్చోబెట్టి మజ్జిగ తాగిస్తుంది.

లోపల ఏం జరుగుతుందన్నది కాస్త ఓపిగ్గా వినండి. కండ పోగులో చిన్న చిన్న గొలుసు కొక్కేల్లాంటి ముక్కలు వేలకొద్దీ వరసగా ఉంటాయి, ఒక్కోటి మిల్లీమీటరులో నాలుగు వందలో వంతు. ఒక్కో ముక్కలో రెండు దువ్వెనల పళ్ళు ఎదురెదురుగా ఒకదాంట్లో ఒకటి దూరినట్టు ఉంటుంది. పళ్ళు తగినంత లోపలికి దూరి ఉంటేనే పట్టు గట్టిగా ఉంటుంది. కండని బాగా సాగదీసి అప్పుడు బరువు పెడితే పళ్ళు ఇంచుమించు బయటికి వచ్చేసి ఉంటాయి, పట్టు సడలి ఉంటుంది. అన్ని ముక్కలూ ఒకే బలంతో ఉండవు కాబట్టి బలహీనమైనవి ముందు జారతాయి. స్వీడన్‌లో 1980ల మొదట్లో కొంతమంది చేత మెట్లు దిగించి, తర్వాత వాళ్ళ పిక్కల్లోంచి సూదంత ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, తిన్నగా గీసినట్టుండాల్సిన అడ్డగీతలు చెదిరిపోయి, చీరకి రంగు దిగినట్టు అలుక్కుపోయి కనిపించాయి.

అయితే ఆ చెదురే నొప్పి అనుకోకండి. అదే నొప్పయితే మెట్లు దిగిన వెంటనే రావాలి కదా. చెదిరినచోట ఒళ్ళు మరమ్మతు మొదలుపెడుతుంది, నీరు చేరుతుంది, కొన్ని రసాయనాలు ఊరతాయి. అవి అక్కడి నరాల కొసల్ని రెచ్చగొడతాయి. రెచ్చిన నరం మామూలుగా పట్టించుకోని చిన్న నొక్కుడుకీ, చిన్న సాగుడుకీ కేక పెడుతుంది. కండ చుట్టూ సన్నటి పొర ఉంటుంది, మాంసం కడిగేటప్పుడు చేతికి తెల్లగా తగిలేది, ఆ పొరలోని నరాలు కూడా ఈ గొడవలో బాగా పాలు పంచుకుంటాయి. ఇదంతా జరగడానికి టైము పడుతుంది, అందుకే 12 గంటల తర్వాత మొదలై 24 నుంచి 72 గంటల మధ్య పతాక స్థాయికి వస్తుంది. కదలకుండా కూర్చుంటే నొప్పి ఉండదు, కుర్చీలోంచి లేవబోతే తెలుస్తుంది. చెదురు ఎక్కువున్నచోటే నొప్పి ఎక్కువని కూడా లేదు, ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి నడవవు. ఈ ఆలస్యపు నొప్పి గురించి 1902లోనే అమెరికాలో థియోడర్ హఫ్ అనే ఆయన రాశాడు. వేలితో బరువు లాగించి చూసి, అలసట నొప్పి వేరు, మర్నాటి నొప్పి వేరు, రెండోది లోపల ఏదో చిట్లినందువల్ల అన్నాడు.

ఆయన అంత ముందే చెప్పినా మన జిమ్ముల్లో ఇప్పటికీ లాక్టిక్ ఆసిడ్ పేరే జపిస్తారు. "ఆసిడ్ పేరుకుపోయింది మేడమ్, రెండు రోజుల్లో కరిగిపోతుంది" అని. కండ గట్టిగా పనిచేసినప్పుడు ఊరే ఆ ఆసిడ్ రక్తంలో లాక్టేట్ రూపంలో ఉంటుంది, వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మూడో రోజు నొప్పికి అది ఎలా కారణమవుతుంది? పైగా 1983లో అమెరికాలో చదునైన ట్రెడ్‌మిల్ మీద ఒకసారి, కిందికి వాలిన ట్రెడ్‌మిల్ మీద ఒకసారి పరుగెత్తించారు. చదునులో పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెరిగింది, నొప్పి రాలేదు. వాలులో పరుగెత్తినప్పుడు లాక్టేట్ పెరగలేదు, నొప్పి వచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలో నాకు తెలీదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, కొండంత పని, గోరంత పని. మీ తొడలు ఏ రోజూ పూర్తిగా విశ్రాంతిగా లేవు. కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ, బస్సు దిగిన ప్రతిసారీ, కింద పడిన సుద్దముక్క తీసిన ప్రతిసారీ తొడలు కాస్త కాస్త దించే పని చేస్తూనే ఉన్నాయి. అంటే ఎంతో కొంత అలవాటుంది. చేతులకి ఆ అలవాటేది? మనం రోజంతా చేతులతో ఎత్తుతాం, మోస్తాం, కానీ మోచెయ్యి పూర్తిగా చాచేదాకా బరువుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ దించం. సంచి కింద పెట్టేటప్పుడు నడుం వంచి టక్కున పెట్టేస్తాం. మీకు ఆ రెండు కిలోల డంబెల్ ఎత్తడం తేలికైంది, దించడం కూడా తేలిగ్గానే అనిపించింది, కానీ ఆ నాలుగు అంకెల దింపుడు మీ జబ్బలకి జీవితంలో మొదటిసారి. తైవాన్‌కి చెందిన ట్రెవర్ చెన్, కండ నొప్పుల మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన కజునోరి నొసాకా కలిసి 2011లో ఒకే మనుషుల్లో నాలుగు కండల్ని పోల్చారు: జబ్బ ముందుది, వెనకది, తొడ ముందుది, వెనకది. ఒక్కోదానితో దించే పని సమానంగా చేయించారు. చేతి కండలు రెండూ ఎక్కువ దెబ్బతిన్నాయి, తొడ వెనక కండ మధ్యలో నిలిచింది, తొడ ముందుది అన్నిటికంటే తక్కువ. మీ అనుభవం దానికి నకలు.

మోచెయ్యి చాపలేను, పూర్తిగా మడవలేను అన్నారు, అది నొప్పి భయంతో చెయ్యి దాచుకోవడం ఒక్కటే కాదు. దెబ్బతిన్న కండ నీరు పట్టి బిర్రుగా, కాస్త పొట్టిగా అయిపోతుంది, అందుకని ఊరికే వేలాడదీసినా చెయ్యి సగం మడిచినట్టే ఉంటుంది. ఆ రోజుల్లో బలం కూడా నిజంగానే తగ్గుతుంది, నొప్పి పోయాక కూడా కొన్నాళ్ళు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. శ్రీవారి మెట్టు చివర్లో మీ మోకాళ్ళు వణికింది కూడా ఇందుకే, బ్రేకులు అరిగాయన్నమాట. పెద్దవాళ్ళు పడే ప్రమాదం ఇలాంటప్పుడే, కాబట్టి చేతికందే కమ్మీ ఉంటే సిగ్గుపడకుండా పట్టుకోండి.

అలవాటు ఒకటయితే, ఎంత పొడవులో పని చేసిందన్నది ఇంకొకటి. కండ పొట్టిగా ఉన్నప్పుడు మోసిన బరువుకి పెద్దగా ఏమీ కాదు, బాగా సాగి ఉన్నప్పుడు మోస్తేనే దువ్వెన పళ్ళు ఊడే పరిస్థితి. వరి నాట్లు వేసేవాళ్ళని అడగండి. మోకాళ్ళు పెద్దగా వంచకుండా, నడుం వంచి, గంటల తరబడి అలాగే ఉంటారు. తొడ వెనక కండ పైన తుంటినీ కింద మోకాలినీ రెంటినీ దాటి వెళ్తుంది, అందువల్ల నడుం వంచినప్పుడు పైనుంచి, మోకాలు చాచినప్పుడు కిందినుంచి, రెండు వైపులా లాగినట్టు సాగుతుంది. అలా సాగిన కండ కదలకుండా ఒంటి బరువుని పట్టి ఉంచినా చాలు, నొప్పి పుడుతుంది. సీజను తొలి రోజు నాట్ల తర్వాత మర్నాడు కూర్చోలేరు, లేవలేరు, నాలుగో రోజుకి పాటలు పాడుకుంటూ వేస్తారు. గుంజీళ్ళ తర్వాత తొడ ముందు భాగమూ పిరుదులూ, బరువైన బకెట్‌తో మిద్దె మెట్లు దిగితే తొడలతోపాటు పిక్కలూ, చాన్నాళ్ళకి డాబా మీద బట్టలు ఉతికి పిండితే ముంజేతులూ, అన్నీ ఈ రెండు సూత్రాలకే లోబడతాయి. మీరు పిల్లల చేత గుంజీళ్ళు తీయించరనే నమ్మకంతో ఆ ఉదాహరణ చెప్పాను.

ఒకే కండలో కూడా నొప్పి అంతటా సమంగా ఉండదు. కండ స్నాయువులోకి, అంటే ఎముకకి కట్టే తాడులోకి మారే చోట తాకిడి ఎక్కువ. మీకు తొడ మధ్యలో కాకుండా మోకాలికి కాస్త పైన చెయ్యి వేస్తే ప్రాణం పోయిందన్నారే, అక్కడే ఆ మార్పు జరుగుతుంది.

మీ అత్తగారి సంగతి. ఆవిడ జీవితమంతా నేల మీద కూర్చుని లేచిన మనిషి. కళ్ళాపి, ముగ్గు, కూరగాయలు తరగడం, గొంతుక్కూర్చుని గిన్నెలు తోమడం. గొంతుక్కూర్చోవడమంటే తొడలకి పూర్తి పొడవులో దించే పని, రోజుకి ఎన్నిసార్లో. ఆ కండకి టీకా వేసినట్టే. నిజంగా టీకాలాంటిదే: ఒకసారి దించే పని చేసి నొప్పి పడిన కండ, మళ్ళీ అదే పని చేస్తే మొదటిసారంత నొప్పెట్టదు. ఆ రక్షణ వారాల తరబడి ఉంటుంది, చేతి కండల మీద నొసాకా బృందం చేసిన పరీక్షల్లో కొంతవరకు 6 నెలల దాకా నిలిచింది. మొదటిసారి పనిని చాలా కొద్దిగా చేసినా రక్షణ వస్తుంది, పెద్ద నొప్పి పడాల్సిన అవసరమే లేదు. మీ ట్రైనర్ ఈ సంగతి తెలిసి ఉంటే మొదటి రోజు మీ చేత ఎనిమిదో పదో సార్లు చేయించి ఆపేవాడు.

అతను చెప్పిన మాట తప్పు. నొప్పి కొత్త పనికి గుర్తు, మంచి పనికి గుర్తు కాదు. మీ అత్తగారి తొడలు బలంగా లేవా? ఆవిడకి నొప్పి రాలేదు కదా. వారాల తరబడి క్రమంగా బరువు పెంచుకుంటూ వెళ్ళేవాళ్ళకి నొప్పి దాదాపు రాదు, బలం పెరుగుతూనే ఉంటుంది. జనవరి మొదటి వారంలో జిమ్‌లో చేరి రెండో వారంలో మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళని ఏటా చూస్తాను. వాళ్ళలో చాలామంది మూడో వారంలో జిమ్ మానేస్తారు. బద్ధకం వల్ల కాదు, మొదటి రోజు నొప్పి వల్ల.

నొప్పి ఉన్నప్పుడు ఏం చెయ్యాలి? ఇంట్లో మెల్లగా తిరుగుతూ ఉండండి. కదిలిన కాసేపూ నొప్పి తగ్గుతుంది, కూర్చున్నాక మళ్ళీ తెలుస్తుంది, దాంతో నష్టమేమీ లేదు. వేణ్ణీళ్ళ స్నానం, నువ్వుల నూనె రాసి మెత్తగా మర్దనా హాయినిస్తాయి, నొప్పి కాస్త తగ్గిస్తాయి, కానీ గబుక్కున నయం చెయ్యవు. మర్దనా పేరుతో పిడికిళ్ళతో కుమ్మించుకోకండి, అది కూడా ఒక దెబ్బే. వ్యాయామానికి ముందో తర్వాతో ఒళ్ళు సాగదీస్తే నొప్పి రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. దాని మీద వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే తేడా పట్టించుకోనంత చిన్నది. మాత్రలు వేసుకోవాల్సిందే అనిపిస్తే పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఎండలో నడిచి నీళ్ళు తాగని రోజున ఖాళీ కడుపున వేసుకుంటే మూత్రపిండాలకీ కడుపుకీ చేటు. బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాటి జోలికి పోవద్దు. కొలెస్టరాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళకి అసలే కండలు నొప్పెట్టే వీలుంది, వాళ్ళకి నొప్పి వారం దాటితే డాక్టరుకి చెప్పాలి.

ఇక భయపడాల్సినవి. మీకు రెండు వైపులా, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, కండ మీద విస్తారంగా నొప్పి వచ్చింది, అది ఈ జాతిది. నడుస్తుండగానే టక్కుమని ఒకచోట పట్టేసి, అక్కడ నల్లగా కమిలితే అది కండ చిరగడం. మోకాలి కీలు లోపల నొప్పెట్టినా, వాచినా సంగతి వేరు. రాత్రంతా బస్సులో కాళ్ళు వేలాడేసుకుని ప్రయాణం చేశాక ఒక్క పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉంటే కొండ ఎక్కామని సరిపెట్టుకోకండి, కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఆయాసం కూడా ఉంటే ఇంకా తొందరగా. మరొకటి: మూత్రం టీ డికాక్షన్ రంగులోకి, కూల్‌డ్రింక్ రంగులోకి మారితే, కండ రాయిలా వాచితే, అది మామూలు నొప్పి కాదు. చితికిన కండలోంచి వచ్చే పదార్థం మూత్రపిండాలని దెబ్బతీసే ప్రమాదం ఉందని అర్థం. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఎండలో, ఉపవాసంతో, ఒకేసారి వందలకొద్దీ బస్కీలు తీసినవాళ్ళలో చూస్తుంటాం. గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి అది.

వచ్చే ఏడాది మళ్ళీ దిగే ఉద్దేశముంటే మూడు వారాల ముందు మొదలుపెట్టండి. మీ వీధిలో ఏ అపార్టుమెంటులోనైనా లిఫ్టులో పై అంతస్తుకి వెళ్ళి మెట్ల మీదుగా దిగండి. ఎవరైనా చూస్తే తిరగేసి చేస్తున్నారని నవ్వుతారు, నవ్వనివ్వండి. మొదటి రోజు రెండు అంతస్తులు, రెండు రోజులాగి మూడు, అలా. తైవాన్‌లో 2017లో బరువెక్కువున్న పెద్దవయసు ఆడవాళ్ళ చేత 12 వారాలు ఇలాగే చేయించారు, కొందరు ఎక్కేవాళ్ళు, కొందరు దిగేవాళ్ళు. తొడల బలంలో దిగినవాళ్ళే ముందున్నారు. మోకాళ్ళు అరిగినవాళ్ళు మాత్రం ముందు డాక్టరు మాట వినాలి. కొండ మీద దిగేటప్పుడు పది మెట్లకోసారి ముందు పెట్టే కాలు మార్చండి, కుడి తొడ ఒక్కటే బలి కాకుండా ఉంటుంది. ఆయాసం రాదు కాబట్టి ఎంతసేపైందో గడియారం చూసి, పావుగంటకోసారి కూర్చోండి. బ్యాగు మీవారికివ్వండి.

డంబెల్ సంగతి: నొప్పి పూర్తిగా పోయాక, అదే రెండు కిలోలు, పది సార్లు, ఒక్క విడత. ఎత్తడం మామూలుగా, దించడం రెండు అంకెలు. వారానికి రెండు రోజులు. నాలుగు వారాల్లో నాలుగు అంకెలకి, మూడు విడతలకి వెళ్ళవచ్చు. ట్రైనర్ ఇంకా ఎక్కువ చెయ్యమంటే ఈ పేజీ చూపించండి. ఈలోగా జడ మీ అమ్మాయి చేతే వేయించుకోండి, నవ్వితే నవ్వనీ.